చల్లార్చిన నీళ్లు, చల్లారిన నీళ్లు

ప్రదర్శనలో స్టాలు డ్యూటీ పడిందని మొహం వేలాడేసుకునే మీలాంటి కొత్త ఉద్యోగులను చూస్తే నాకు నవ్వు రాదు, జాలీ కలగదు. నా మోకాళ్లు గుర్తొస్తాయి. మైదానంలో దుమ్ము, నెత్తిన రేకు, పక్క స్టాలువాళ్ల పాటల హోరు, ఎవరు విన్నా వినకపోయినా ఆపకూడని ఉపన్యాసం. దోమల మందు డబ్బా వీపున వేసుకుని ఊళ్లు తిరిగిన రోజుల్లో కూడా నేను అంత అలసిపోలేదు. డబ్బా ఖాళీ అయితే పని అయిపోయినట్టే. మైకుకు ఆ సుఖం లేదు.

నేను మా శాఖలో చేరింది ఆ మందు కొట్టే పనిలోనే. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువంతా గజపతినగరం శాఖా గ్రంథాలయంలో, డబ్బా కడిగి పెట్టాక దొరికిన సాయంత్రాల్లో సాగింది. సూక్ష్మజీవుల మీద పుస్తకాలు, శరీరశాస్త్రం, తెలుగు వ్యాకరణం, ఏది బీరువాలో ముందు కనబడితే అది. గ్రంథపాలకుడు కిటికీలు వేసుకుంటూ, "లెగు బాబూ, పుస్తకాలు రేపు కూడా ఇక్కడే ఉంటాయి. నానే ఇంటికెల్లాలి" అనేవాడు. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న చదువు కనుక నాకు దాని మీద గర్వం ఉండేది. ఇప్పటికీ ఉంది. ఆ గర్వానికి ఆఫీసు నాకిచ్చిన బహుమానం, ఎక్కడ మైకు పట్టుకోవాలన్నా నన్నే పంపడం.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఉద్యోగంలోంచి దిగిపోవడానికి కొద్ది ముందు, శ్రీకాకుళంలో ఒక ప్రదర్శనలో జరిగింది. మా స్టాలు వాంతులు, విరేచనాల గురించి. ఆ విషయం మీద జనాన్ని ఆపడం కష్టం. పక్కన పూల మొక్కలు, అవతల అప్పడాలు, మధ్యలో మేము. అందుకని మా జీపు డ్రైవరు పాత ట్యూబులు, తీగ, రంగు కాగితం పెట్టి దూడంత ఈగను తయారుచేశాడు. జనం ఈగను చూడడానికి ఆగేవాళ్లు. ఆగినవాళ్లను నేను పట్టుకునేవాణ్ని. చేతులు కడగడం ఎలాగో నర్సమ్మ చూపించేది. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి టీకాలు వేసిన మనిషి, నాతో చాలా ఏళ్లు పనిచేసింది. నా పుస్తకాల పిచ్చి చూసి నన్ను మాస్టారని పిలిచేది. అందులో గౌరవం ఎంతో, ఎగతాళి ఎంతో నేనెప్పుడూ తేల్చుకోలేదు.

మా స్టాలును ఆనుకుని ఒక గప్‌చుప్ బండి ఉండేది. ఊరూరా పానీపూరీ అనేదాన్నే ఒడిశా గాలి తగిలే మా వైపు గప్‌చుప్ అంటారు. ఆ బండి ఆవిడది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. పెనిమిటి వేటకు వెళ్లేవాడు. పడవ ఒడ్డుకు లాగుతుంటే భుజం దెబ్బతిని వేట మానేశాడు. అప్పటిదాకా తట్టలో చేపలు అమ్మిన మనిషి, కొత్తగా గప్‌చుప్ నేర్చుకుని బండి తోసుకొచ్చింది. ప్రదర్శన గొడవల్లేకుండా జరిగితే ఆ తర్వాత కూడా మైదానం గేటు పక్కన బండి పెట్టుకోనిస్తామని నిర్వాహకులు ఆమెకు మాటిచ్చారు. గేటు ముందే బస్సులు ఆగుతాయి, ఎదురుగా కాలేజీ. ఆమె రోజూ పొద్దున్నే వచ్చి, తన బండి దగ్గరకంటే ముందు ఆ గేటు పక్క చోటు ఊడ్చేది. ఇంకా తనది కాని చోటును.

మా మైకు పెట్టె ఆమె వైపు తిరిగి ఉండేది. నా ఉపన్యాసం మొదటినుంచి చివరిదాకా విన్న ఒకే ఒక్క శ్రోత ఆమె. ఒక మధ్యాహ్నం జనం లేని వేళ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బాబూ, కాసి సల్లార్సిన నీళ్లు, కాసి సల్లార్సిన నీళ్లు అని తెల్లారి లెగిస్తే అదే అంతన్నావు. నా పులుపు నీళ్లు కూడా అలగే సెయ్యాలేటి?"

"చేస్తే చాలా మంచిదమ్మా. నీ బండి తిన్నవాళ్లకు రోగం రాదు."

"మరైతే అలగే సేస్తాను. అదేటి పెద్ద పని, పుల్లలే కదా."

మర్నాడు ఇంటి దగ్గర రాత్రే కాచి, మూతపెట్టి ఉంచిన నీళ్లు పెద్ద బిందెలో తెచ్చుకుంది. మూత తీసి నాకు చూపించింది. మీకు ఇది చిన్న సంగతిగా కనబడవచ్చు. ఉద్యోగమంతా ఊళ్లలో చెబుతూ తిరిగాను. విన్నవాళ్లు తలూపారు, టీ ఇచ్చారు. చెప్పిన పని మర్నాటికల్లా చేసి చూపించిన మనిషి మాత్రం నాకు పెద్దగా తగల్లేదు. ఆ సంతోషం పట్టలేక మైకు అందుకున్నాను. మా పక్కనున్న బండిలో కాచి చల్లార్చిన నీళ్లే వాడుతున్నారని, తినాలనుకున్నవాళ్లు ఇలాంటి చోటే తినాలని చెప్పాను. చెప్పి ఊరుకోలేదు. పూటపూటా చెప్పాను.

"జీతం మనకిస్తన్నారు మాస్టారూ, పెచారం ఆవిడకి సేస్తన్నారు," అంది నర్సమ్మ.

"మంచి పని చేసేవాళ్లను నలుగురికీ చూపించాలి."

"సూపించండి. ముందు నాలుగు నాకు తెప్పించండి."

బండి చుట్టూ జనం మూగారు. మేమూ రోజూ సాయంత్రం ఆ జనంలో ఉండేవాళ్లం.

ప్రదర్శన ముగింపు దగ్గరపడిన రోజుల్లో మొదట డ్రైవరు కనబడకుండా పోయాడు. వెతగ్గా మైదానం వెనక రేకుల మరుగుదొడ్డి దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత నర్సమ్మ ఒకటికి రెండుసార్లు బ్యాగు నా చేతిలో పెట్టి వెళ్లింది. ఆ మధ్యాహ్నం నేను చేతులు ఎప్పుడెప్పుడు కడుక్కోవాలో చెబుతూ, వాక్యం మధ్యలో మైకును ఈగ వీపు మీద పెట్టి పరుగెత్తాను.

ఆ పూట ఎలా గడిచిందో చెప్పడానికి ఇప్పటికీ నీరసం వస్తుంది. కడుపులో మెలిక, కాళ్లలో వణుకు, నాలుక మీద తుప్పు రుచి. ప్రదర్శనకు పెట్టిన ఓఆర్‌ఎస్ పొట్లాలు ఒక్కొక్కటే చింపి మేమే కలుపుకుని తాగాం. రోగి ఏం చేయాలో చూపించే బొమ్మ ఒకటి గోడకు కట్టి ఉంది. ముగ్గురం దాని కిందే, బొమ్మలో మాదిరిగానే గ్లాసులు పట్టుకుని చతికిలబడ్డాం. భార్యాపిల్లలతో వచ్చిన ఒక పెద్దమనిషి కాసేపు మమ్మల్ని చూసి, "సూసేవా, ఎంత బాగా ఏక్టు సేస్తన్నారో. నిజంగా రోగమొచ్చినట్టే లేదూ," అన్నాడు. నర్సమ్మకు ఓపిక ఉంటే ఆయన మీద గ్లాసు విసిరేది.

"నాది మాత్రం గప్‌చుప్ కాదండి," అన్నాడు డ్రైవరు. "పొద్దున్న తిన్న ఉప్మా."

"ఉప్మా మేం తిన్నామేటిరా? నువ్వు తిన్న గప్‌చుప్‌లు నెక్కెట్టడానికి నీ సేతేళ్లు సాలవు," అంది నర్సమ్మ. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "తిన్నది గప్‌చుప్. ఉండడం కూడా గప్‌చుప్‌గానే ఉందాం మాస్టారూ. ఈగల స్టాలోళ్లకే ఇరోసనాలంట అంటే ఇంక ఈ జిల్లాలో తలెత్తుకు తిరగలేం."

ఉందామనే అనుకున్నాను. అప్పుడు నాకున్న ఓపిక అంతే.

సాయంత్రం ఎచ్చెర్ల వైపునుంచి ఒకాయన కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. పిల్ల తల వాల్చేసి ఉంది, పెదాలు ఎండిపోయాయి. మాత్ర ఏదైనా ఇస్తారేమోనని వచ్చాడట. నర్సమ్మ తన కడుపు పట్టుకునే లేచి పిల్ల చర్మం లాగి, ఒంట్లో నీరు ఎంత తగ్గిందో చూసింది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని, దారిలో తాగించడానికి ఓఆర్‌ఎస్ కలిపి ఇచ్చింది. ఆయన సీసా తీసుకుంటూ అన్నాడు.

"బయట ఏటీ పెట్టం బాబూ మేము దీనికి. మొన్న మీరు మైకులో మంచిదని సెప్పినారు కదా, అందుకే ఆ బండి కాడ పెట్టినాము."

నిష్ఠూరమేమీ లేదు ఆ మాటలో. జరిగింది చెప్పాడు, వెళ్లిపోయాడు. పిల్లను ఆసుపత్రిలో ఉంచి, తేరుకున్నాక పంపేశారని తర్వాత విన్నాం. ఆ సాయంత్రం మాత్రం మాకు ఆ సంగతి తెలియదు.

మర్నాడు ముగింపు. బడి పిల్లలందరినీ వరుసలు కట్టించి తీసుకొచ్చే రోజు. నేను త్వరగా వెళ్లి, మా స్టాలు తెర వెనకనుంచి గప్‌చుప్ బండిని చూస్తూ కూర్చున్నాను. ఆమె వచ్చింది. గేటు పక్క ఊడ్చింది. స్టవ్ వెలిగించి తపేలా నిండా నీళ్లు పెట్టింది. నీళ్లు తెర్లాయి, ఆవిరి ఆమె మొహాన కొట్టింది. దించింది. ఇందులో తప్పేముంది అనుకుంటూ ఉండగానే, బండి కిందనుంచి గోనె సంచి లాగి, అందులోని ఐసు గడ్డను రాయితో పగలగొట్టి, పెద్ద ముక్కలు రెండు ఆ నీళ్లలో వేసింది.

లేచి వెళ్లాను. నన్ను చూసి ఆమె నవ్వింది.

"ఒంట్లో ఎలాగున్నాది బాబూ? నిన్న మీ స్టాల్లో ఎవుళూ మాట్లాడనేదు."

"ఈ ఐసు ఎక్కడిదమ్మా?"

"మా ఊరిదే. సేపలకేసే ఐసు. మా మరిది బజారుకి సేపలు తెస్తాడు కదా, దార్లో నాకో గడ్డ దింపుతాడు. ఆ సెరుకు రసం బండికి కూడా ఆడే దింపుతన్నాడు."

"రాత్రి కాచి తెచ్చేదానివి కదా. ఆ నీళ్లేవి?"

"అవి ఏ మూలకి సాల్తాయి? నువ్వు మైకులో సెప్పినకాడ్నుంచి ఒక బిందె పూటకి కూడా ఆగట్లేదు. ఇక్కడే కాస్తన్నాను. కాసినవి ఎప్పటికి సల్లారతాయి, జనం నిలబడిపోతే? అందుకని ఐసేసి సల్లారుస్తన్నాను." నా మొహం చూసి ఆమె నవ్వు ఆగింది. "ఏటి అలగ సూస్తన్నావు? నువ్వే కదా బాబూ, కాసి సల్లార్సమన్నావు."

అన్నది నేనే. గ్రంథాలయంలో వ్యాకరణం చదివేటప్పుడు నాకు బాగా నచ్చిన పాఠాల్లో అది ఒకటి. ఆరడం వేరు, ఆర్చడం వేరు. మారడం వేరు, మార్చడం వేరు. మొదటిది దానంతట అది జరిగేది, రెండోది మనం పూనుకుని చేసేది. చల్లారిన నీళ్లంటే వాటి మానాన వదిలేసినవి. చల్లార్చిన నీళ్లంటే ఎవరో ఏదో చేసి చల్లబరిచినవి. గోడలమీద, కాగితాలమీద, నా నోట్లో, ఇన్నేళ్లూ ఉన్న మాట చల్లార్చిన. ఆమె ఆ మాటను అక్షరం పొల్లు పోకుండా పాటించింది.

"ఐసులో పురుగు ఉంటాదేటి బాబూ? సేప కుళ్లిపోకుండా కాస్తాది కదా. సేపని కాసింది మనిషిని సంపుతాదా?"

చలికి క్రిములు చావవని, ముడుచుకుని పడుకుంటాయని, కడుపులో వెచ్చగా తగలగానే లేస్తాయని చెప్పాను. చేపల ఐసు ఏ నీళ్లతో పడితే ఆ నీళ్లతో చేస్తారని, అది చేప కోసమే కాని మన నోటి కోసం కాదని చెప్పాను. మా ముగ్గురి సంగతీ చెప్పాను. ఎచ్చెర్ల పిల్ల సంగతి చెప్పినప్పుడు ఆమె చేతిలోని గరిటె కింద పెట్టింది. తపేలా ఎత్తి నీళ్లన్నీ కాలవలో పారబోసింది. గోనె సంచి కూడా దులిపేసింది.

"ఇంక ఐసు ముట్టను. ఒట్టు. ఇయ్యాల ఉత్త శనగలు అమ్ముకుంటాను," అంది. స్టవ్ ఆర్పి, "గాని మైకులో సెప్పకు బాబూ. సెప్పినావంటే నా గేటు పోతాది," అంది.

అక్కడే ఉంది చిక్కంతా. ఈ రోజు తినబోయేవాళ్లకు ఇక భయం లేదు, ఆమె ఒట్టు వేస్తే వేసినట్టే. కాని నిన్నా మొన్నా తిన్నవాళ్లు ఎందరో పల్లెలకు వెళ్లిపోయారు. కడుపునొప్పి ఎందుకొచ్చిందో తెలియక ఇళ్లలో పడి ఉంటారు. ఆ పల్లెల మనుషులే ఈ రోజు మళ్లీ మైదానానికి వస్తారు. వాళ్లకు చెబితే కబురు ఇళ్లకు చేరుతుంది. ఇంకో వంక చెరుకు రసం బండిలో అదే ఐసు నలుగుతోంది.

మా పైఅధికారికి ఫోను చేశాను. చెడ్డమనిషి కాదు. అంతా విని పెద్దగా నిట్టూర్చాడు. "ఇవాళ ఉత్తమ స్టాలు బహుమతి మనకే అనుకుంటున్నారు. ముగింపు సభ కానివ్వండి, తర్వాత ఏం చేయాలో ఆలోచిద్దాం. ఈలోగా ఆ మైకుతో జాగ్రత్త," అన్నాడు.

సభ సాయంత్రం. పిల్లలు అప్పటికే గేటులోంచి వస్తున్నారు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, నీలం రంగు వరుసలు. నర్సమ్మ నన్ను చూసింది. "అలగ సూడకండి మాస్టారూ. నాకు తెలీదు. గప్‌చుప్‌గా ఉందామన్నది నానే, ఆ పిల్ల తండ్రి వచ్చినకాడ్నుంచి నిద్దర పట్టనిదీ నాకే," అంది. డ్రైవరు ఈగ కాలు సరిచేస్తున్నట్టు నటించాడు.

మైకు తీసుకున్నాను. నా జీవితంలో అతి చిన్న ఉపన్యాసం అది. ఇన్ని రోజులుగా మేము చెప్పిన మాటల్లో ఒకటి సరిగా చెప్పలేదన్నాను. కాచిన నీళ్లను మూతపెట్టి వదిలేయాలి, అవే చల్లారాలి, ఐసు వేసి చల్లార్చకూడదు. ఈ మైదానంలో కొన్నిచోట్ల చేపల ఐసు వాడారు, అది తప్పని వాడినవాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఈ స్టాల్లో ఉన్న మేము ముగ్గురం కూడా తిని జబ్బుపడ్డాం. మీ ఇళ్లలో ఎవరికైనా అలా ఉంటే వచ్చి పొట్లాలు తీసుకెళ్లండి, పిల్లలు నీరసపడితే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అంతే. ఆమె బండి ఊసెత్తలేదు. ఎత్తనక్కర్లేకపోయింది. వారం పొడుగునా ఆ బండిని వేలు పెట్టి చూపించింది నేనే.

ముందు నవ్వులు లేచాయి. నర్సమ్మ చెప్పిన మాటే, ఈగల స్టాలోళ్లకే ఇరోసనాలంట అని, ఎవరో గట్టిగా అన్నారు. ఆ తర్వాత ఒక ముసలామె వచ్చింది, మనవడికి నిన్నటినుంచి అలాగే ఉందని. ఆమె వెనక ఇంకొకాయన. ఆయన వెనక ఇంకొందరు. అప్పటిదాకా అందరూ మాలాగే నోరు మూసుకుని ఉన్నారన్నమాట. పొట్లాలు చాలక డ్రైవరు జీపు వేసుకుని వెళ్లి మళ్లీ తెచ్చాడు. చెరుకు రసం బండివాడు వచ్చి, నా నోటి కాడ కూడు తీసేశావని చొక్కా పట్టుకోబోయాడు. నర్సమ్మ అడ్డం వెళ్లి, "ముందు నీ రసం నువ్వో గ్లాసు తాగి సూపించు, తర్వాత కొడుదువు గాని," అంది. వాడు తాగలేదు.

గప్‌చుప్ ఆవిడ మాత్రం మా దగ్గరకు రాలేదు. ఆమె బండి చుట్టూ ఎవరూ లేరు. మధ్యాహ్నం దాకా నిలబడి చూసి, మిగిలిన పూరీలు సంచిలో పోసి, బండి తోసుకుంటూ బయలుదేరింది. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగింది. పొద్దున తను ఊడ్చిన చోటు మీదుగా చక్రాలు పోకుండా, బండిని కాస్త పక్కకు తిప్పి వెళ్లిపోయింది.

ఉత్తమ స్టాలు బహుమతి పూల మొక్కలవాళ్లకు వచ్చింది. నన్ను సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. ఆ తర్వాత ఉద్యోగం మిగిలినంత కాలం ఒక్క పని కోసం తిరిగాను. గోడ కాగితాల మీద చల్లార్చిన అనే మాట తీసేసి, మూతపెట్టి చల్లారనిచ్చిన అని వేయించమని. పొడుగైందన్నారు. ఈసారికి అచ్చయిపోయాయన్నారు. నవ్వారు కూడా, ఒక్క అక్షరం కోసమా అని. ఆ కాగితాలు ఇంకా అలాగే వస్తున్నాయి. మీ స్టాల్లోనూ ఒకటి వేలాడుతూ ఉంటుంది, చూడండి. నాకు ఇప్పుడు తిరిగే ఓపిక లేదు. నోటితో చెప్పేటప్పుడైనా మీరు మార్చి చెప్పండి.

పోయిన ఏడాది మా ఆవిడతో శ్రీకూర్మం వెళ్లాను. దర్శనం అయ్యాక ఎండలో నడిచి వస్తుంటే, వీధి మలుపులో బజ్జీల పొయ్యి దగ్గర ఆ గప్‌చుప్ ఆవిడ కనబడింది. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"ఈగ బాగున్నాదేటి బాబూ?"

"ఈగ ఎప్పుడో పోయిందమ్మా. నేనే మిగిలాను."

"ఆ గేటు కాడ ఇప్పుడు ఫోన్ల కొట్టు ఎట్టీసినారు, సూసేవా? నిన్ను తిట్టని రోజు నేదు కొన్నాళ్లు."

"తిట్టు. ఇప్పుడైనా తిట్టు."

"ఇంకేటి తిడతాను. ముసిలోడివైపోనావు." బజ్జీలు కాగితంలో వేసి మా ఆవిడ చేతికిచ్చింది. "వేడివే. నా కాడ సల్లటివి ఏటీ ఉండవు ఇప్పుడు."

దాహమేస్తోందన్నాను. మా ఆవిడ సంచిలో ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ల సీసా ఉంది. బజ్జీలమ్మే ఆమె కళ్లు ఆ సీసా మీద ఒకసారి వాలాయి. నేను సంచి వైపు చేయి చాపలేదు. ఆమె తన బిందె మూత తీసి, గ్లాసుతో ముంచి, నా ముందు పెట్టింది.

"తాగు. రాత్రి కాసి ఒగ్గేసినాను. ఎవుళూ సల్లార్సనేదు బాబూ, అవే సల్లారినాయి."